ముక్కుకూ మోకాలికీ ముడి

ముక్కులోంచి దూదిపుల్లతో తీసిన స్వాబును కల్చర్ చేసినప్పుడు, అంటే అందులోని క్రిములను పెంచి చూసినప్పుడు, స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగిందని రిపోర్టు వస్తే, దాన్ని చేత్తో పట్టుకున్న మనిషి ముఖంలో రంగు మారడం ఒడిశాలోని రాయగడలో ఒక చిన్న ల్యాబులో పనిచేసే నాకు బాగా అలవాటైన విషయం. ఆ కాగితం చాలాసార్లు డాక్టరు దగ్గరికి కాక నేరుగా మందుల షాపుకు వెళ్తుంది. అక్కడినుంచి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు ఒకటి ఇంటికి వస్తుంది. ఈ వ్యాసంలో నా వాదన ఇది: ఆ బ్యాక్టీరియా ముక్కులో అతుక్కుని ఉండటం రోగం కాదు, అది దేన్ని పట్టుకుని ఉంటుందో, ఎలా పట్టుకుంటుందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని మాత్రలతో వదిలించాలని చూడరు, అయితే వదిలించక తప్పని సందర్భమూ ఒకటుంది, మనవాళ్ళు సరిగ్గా దాన్నే పట్టించుకోవడం లేదు.

ఈ క్రిమికి చెడ్డపేరు పుట్టుకతోనే వచ్చింది. 1880 ప్రాంతంలో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు గడ్డలు కోసి తీసిన చీములో గుత్తులు గుత్తులుగా ఉన్న ఈ గుండ్రటి జీవులను చూశాడు. చీములో దొరికింది కాబట్టి చీము పుట్టించేదిగానే అది పుస్తకాలకెక్కింది. ఆరోగ్యవంతుల ముక్కుల్లో అది ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా కాపురం చేస్తుందన్న సంగతి తరవాతెప్పుడో తెలిసింది కాని, సామాన్యుల దాకా ఇప్పటికీ సరిగా చేరలేదు. పెద్దవాళ్ళలో సుమారు 20% మంది ముక్కుల్లో అది ఎప్పుడూ ఉంటుందనీ, మరో 30% మందిలో వస్తూ పోతూ ఉంటుందనీ, మిగిలిన సగం మందిలో దాదాపు కనబడదనీ చాలాకాలంగా చెబుతున్న లెక్క. అంటే మా మజ్జిగౌరమ్మ గుడి ముందు వరసలో నిలబడ్డ ఏ పదిమందిని పరీక్షించినా ఇద్దరు ముగ్గురి రిపోర్టులు నేను మొదట చెప్పిన రిపోర్టులాగే వస్తాయి. వాళ్ళలో ఎవరికీ జబ్బు లేదు.

అది ఎక్కడ ఉంటుందో ముందు చూడాలి. ముక్కు లోపలంతా ఒకటే తీరుగా ఉండదు. ముక్కుపుటం అంచు నుంచి లోపలికి సుమారు ఒక సెంటీమీటరు మేర, వెంట్రుకలు ఉండే భాగం వరకు, ఉన్నది అసలు చర్మమే: పొరలు పొరలుగా పేర్చుకున్న పలచని కణాలు, వాటిలో పైవరస కెరటిన్‌తో గట్టిపడి చచ్చిపోయినవి. ఆ తరవాత లోపలికి వెళ్ళినకొద్దీ తడి పొర మొదలవుతుంది. అక్కడి కణాల మీద సన్నని వెంట్రుకల్లాంటి శైలికలు ఉంటాయి, అవి సెకనుకు పది పదిహేనుసార్లు కొట్టుకుంటూ పైనున్న జిగురును నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గొంతువైపు నెట్టుకుపోతాయి. గాలితో వచ్చిన దుమ్మూ క్రిములూ ఆ జిగురులో చిక్కుకుని, మనకు తెలియకుండానే గుటకతో పాటు కడుపులోకి వెళ్ళిపోతాయి. నిరంతరం కదిలే ఆ నేల మీద ఏదైనా నిలబడాలంటే గట్టి పట్టు ఉండాలి. అందుకే ఆరియస్ ఎక్కువగా స్థిరపడేది ఆ కదలిక లేని ముందుభాగంలో, చచ్చిన కణాల పొర మీద. స్వాబు తీసేటప్పుడు లోతుగా పొడవకుండా ముక్కుపుటం ముందుభాగంలోనే తిప్పి తీయమని మేము కొత్తవాళ్ళకు చెప్పేది ఇందుకే.

ఆ పొర మీద పట్టు ఇచ్చేది బ్యాక్టీరియా గోడకు బిగించి ఉండే ఒక ప్రొటీన్, దాని పేరు క్లంపింగ్ ఫ్యాక్టర్ బి. చచ్చిన చర్మకణాల చుట్టూ ఉండే గట్టి తొడుగులో అత్యధిక భాగం లోరిక్రిన్ అనే ప్రొటీన్. క్లంపింగ్ ఫ్యాక్టర్ బి పట్టుకునేది ముఖ్యంగా దీన్నే, కెరటిన్‌లలో ఒకదాన్ని కూడా పట్టుకుంటుంది. పట్టుకునే తీరు విచిత్రంగా ఉంటుంది. బ్యాక్టీరియా ప్రొటీన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు భాగాల మధ్య ఒక సన్నని కాలువ ఉంటుంది. మన ప్రొటీన్ తాలూకు గొలుసులోని చిన్న ముక్క ఆ కాలువలోకి వచ్చి పడుకోగానే, బ్యాక్టీరియా ప్రొటీన్ చివరనున్న తోకలాంటి భాగం దాని మీదుగా వంగి అవతలివైపు పొరలో ఇరుక్కుంటుంది, తలుపు మూసి గడియ పెట్టినట్టు. ఇక ఊడిరావడం కష్టం. ఇదే తరహా గడియ ఉన్న దాయాది ప్రొటీన్ ఒకటి మన చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్‌కు ఉంది. అది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్‌ను పట్టుకున్నప్పుడు విడదీయడానికి ఎంత బలం కావాలో మ్యూనిక్ పరిశోధకులు కొలిచి, అది రెండు నానోన్యూటన్లు దాటుతుందని 2018లో ప్రచురించారు. రసాయన బంధాన్ని తెంచడానికి కావలసినంత బలం అది. రెండు ప్రొటీన్లు ఒకదాన్నొకటి కేవలం ఆనుకుని ఉండటంలో ఇంత పట్టు ఉండటం ఆశ్చర్యమే.

క్లంపింగ్ ఫ్యాక్టర్ బి నిజంగానే ముఖ్యమా అనేది మనుషుల మీదే తేలింది. నెదర్లాండ్స్‌లో వాలంటీర్ల ముక్కుల్లో మామూలు ఆరియస్‌నూ, ఆ ఒక్క ప్రొటీన్ లేకుండా చేసిన ఆరియస్‌నూ వేసి చూస్తే, ప్రొటీన్ లేనిది త్వరగా తొలగిపోయిందని 2008లో వెల్లడైంది. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీవాళ్ళు 2012లో అవతలి వైపునుంచి చూశారు: లోరిక్రిన్ లేని ఎలుకల ముక్కుల్లో ఆరియస్ అంతగా నిలవలేదు.

లోపలి తడి పొర సంగతి వేరు. అక్కడ పట్టు ప్రొటీన్‌ది కాదు, బ్యాక్టీరియా గోడలోంచి బయటికి పొడుచుకువచ్చే టైకోయిక్ ఆమ్లం అనే పొడవాటి గొలుసుది. అది లేని ఆరియస్ పత్తి ఎలుకల ముక్కుల్లో నిలదొక్కుకోలేకపోయిందని 2004లో జర్మనీ పరిశోధకులు చూపించారు. మన శైలికా కణాల మీద ఆ గొలుసును పట్టుకునే గ్రాహకం ఏదో 2014లో తెలిసింది. లోపలి పట్టు మొదటి రోజుల్లో అక్కరకు వస్తుందనీ, స్థిరనివాసం మాత్రం ముందుభాగపు చచ్చిన పొర మీదేననీ ఈ రంగంవాళ్ళు భావిస్తున్నారు.

అతుక్కోవడం అనేది కళ్ళతో చూడగలిగిన పని కూడా. మేము రోజూ చేసే స్లైడ్ పరీక్ష అదే. గాజు పలక మీద ఒక చుక్క సెలైన్ వేసి, ప్లేటు మీదున్న లేత పసుపు బ్యాక్టీరియా గుంపు (కాలనీ) ఒకదాన్ని లూపు అనే తీగ కొనతో తీసి అందులో రాస్తే, చుక్క సమంగా తెల్లగా మసకబారుతుంది. దానికి లూపెడు ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కలిపి పలకను మెల్లగా అటూ ఇటూ వంచితే, ఆరియస్ అయిన పక్షంలో పది సెకన్లు గడిచేలోపే ఆ మసక విరిగిపోయి, తేటనీటిలో తెల్లటి రవ్వలు తేలతాయి. జరిగిందేమిటంటే బ్యాక్టీరియా మీదున్న మరో ప్రొటీన్, క్లంపింగ్ ఫ్యాక్టర్ ఎ, ప్లాస్మాలోని ఫైబ్రినోజెన్‌ను పట్టుకుంది. ఒక ఫైబ్రినోజెన్ అణువు రెండు కొనలనూ రెండు బ్యాక్టీరియాలు పట్టుకోవడంతో అన్నీ కలిసి ముద్దయ్యాయి. ముక్కులో చర్మాన్ని పట్టుకునే క్రిమి దగ్గరే రక్తాన్ని పట్టుకునే సరంజామా కూడా సిద్ధంగా ఉందన్నమాట. ఈ రెండో సరంజామాకు ముక్కులో పెద్దగా పనిలేదు. చర్మం తెగి, రక్తం తగిలిన చోట దాని పని మొదలవుతుంది.

ఇప్పుడు మా మావయ్య మోకాలి గురించి చెప్పాలి. మా జిల్లా తెలుగువాళ్ళు పెద్ద ఆపరేషన్ అంటే భువనేశ్వర్ కన్నా ముందు విశాఖపట్నం వైపే చూస్తారు. పార్వతీపురం, విజయనగరం మీదుగా రైలు ఉంది, అవతల బంధువులు ఉన్నారు, భాష సమస్య లేదు. మావయ్యకు మోకాలి కీలు మార్చాలని నిర్ణయించాక, అక్కడి ఆసుపత్రివాళ్ళు ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే ముక్కు స్వాబు పంపమన్నారు. మా ల్యాబులోనే చేశాం, ఆరియస్ పెరిగింది. ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు రోజుకు రెండుసార్లు చొప్పున ఐదు రోజులు ముక్కుపుటాల్లో రాసుకుని, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం చేయమని వాళ్ళు రాశారు. మావయ్య ఆ ట్యూబు వైపు చూసి, "కోసేది మోకాలైతే ముక్కుకి మందేంట్రా? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే" అన్నారు. ట్యూబు మూత తీయకుండా బీరువా మీద పెట్టేశారు. పక్కింటివాళ్ళు చెప్పిన అజిత్రోమైసిన్ మాత్రం మూడు రోజులు క్రమం తప్పకుండా మింగారు.

ఆయన ప్రశ్న తప్పేమీ కాదు, జవాబే దొరకలేదు ఆయనకు. ముక్కుకూ మోకాలికీ మధ్య నిజంగానే ముడి ఉంది, అది వేసేది మన చెయ్యే. మనిషి ఎన్నిసార్లు ముక్కు ముట్టుకుంటాడో తనకే తెలియదు. ముక్కు నుంచి వేళ్ళకు, వేళ్ళ నుంచి ఒంటి చర్మానికి, చర్మం నుంచి కోతలోకి. కోత చుట్టూ రక్తం గడ్డకట్టే చోట ఫైబ్రినోజెన్ పరుచుకుని ఉంటుంది, లోపల అమర్చిన లోహపు కీలు మీద కూడా కొద్దిసేపటికే అది పొరలా చేరుతుంది. పలక మీద పది సెకన్లలో నేను చూసే దృశ్యం అక్కడ లోహం మీద జరుగుతుంది. ఒకసారి అక్కడ పొరకట్టుకుంటే మందులు దాన్ని తేలిగ్గా కదపలేవు, కొన్నిసార్లు కీలునే తీసేయవలసి వస్తుంది. జర్మనీలో రక్తంలోకి ఆరియస్ చేరిన 219 మంది రోగులను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, 80 శాతానికి పైగా రోగుల రక్తంలోని బ్యాక్టీరియా వాళ్ళ ముక్కులోని దానితో సరిపోలింది. ఎవరి ముక్కులోది వాళ్ళకే ఎదురు తిరిగిందన్నమాట. నెదర్లాండ్స్‌లో ఆసుపత్రిలో చేరగానే ముక్కు పరీక్షించి, ఆరియస్ ఉన్నవాళ్ళకు ముపిరోసిన్, క్లోర్‌హెక్సిడిన్ సబ్బు వాడితే, ఆసుపత్రిలో సోకే ఆరియస్ జబ్బులు 7.7% నుంచి 3.4%కు తగ్గాయని 2010లో వచ్చిన ఫలితం చెప్పింది. ట్యూబు ఖరీదుకు ఇంత ప్రయోజనం ఇచ్చే జాగ్రత్తలు వైద్యంలో ఎక్కువ లేవు. ఈ లెక్కలన్నీ నేను చెప్పాను కాని, మావయ్య చేత ఆ ట్యూబు వాడించింది చివరికి మా అత్త. నా లెక్కల వల్ల కాదు, రోజూ పొద్దునా సాయంత్రం ఎదురుగా కూర్చుని రాయించడం వల్ల.

మరి అజిత్రోమైసిన్ ఎందుకు పనికిరాదు? మొదటి కారణం, ఆరియస్ కాపురం రక్తనాళాలు లేని చచ్చిన కణాల మీద. నోటితో మింగిన చాలా మందులు ముక్కు కొనలోని ఆ నివాసాన్ని తొలగించేంతగా అక్కడికి చేరవు. రెండోది, ఈ ప్రాంతపు ఆరియస్ ఆ మందును ఇప్పటికే బాగా ఎరుగును. మా ప్లేట్ల మీద, అజిత్రోమైసిన్‌కు దాయాది మందైన ఎరిత్రోమైసిన్ ఇంకించిన కాగితపు బిళ్ళ అంచు దాకా దట్టంగా పెరిగి, ఖాళీ వలయమన్నదే లేకుండా చేసిన ఆరియస్‌లు తరచుగా కనబడుతుంటాయి. ఎరిత్రోమైసిన్‌కు లొంగనిది అజిత్రోమైసిన్‌కూ లొంగదు. మూడో కారణం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. ముక్కులో ఆరియస్ ఒక్కటే ఉండదు. ఆ చోటు కోసం, ఆ తిండి కోసం పోటీపడే ఇతర బ్యాక్టీరియాలు ఉన్నాయి. వాటిలో స్టెఫైలోకాకస్ లుగ్డునెన్సిస్ అనేది ఆరియస్‌ను చంపే లుగ్డునిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుందని జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2016లో ప్రకటించారు. వాళ్ళు పరీక్షించిన 187 మంది రోగుల్లో, లుగ్డునెన్సిస్ ఉన్నవాళ్ళలో 5.9% మంది ముక్కుల్లోనే ఆరియస్ కనిపించగా, లేనివాళ్ళలో 34.7% మందిలో కనిపించింది. మింగిన మాత్ర ఆరియస్ జోలికి పోకుండా, ఇలాంటి కాపలాదారులను చంపితే లాభపడేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

రొంప పట్టిన ప్రతివాడికీ యాంటీబయాటిక్ అంటగట్టడం మీద నా కోపమంతా ఇక్కడినుంచే వచ్చింది. రొంప వైరస్‌ల పని. ముక్కు కారడం పచ్చగా మారినా, చిక్కబడినా, అది శరీరం పోరాడుతున్న గుర్తే కాని బ్యాక్టీరియా వచ్చిందనడానికి రుజువు కాదు. డాక్టరు చీటీ లేకుండా ఈ మందులు అమ్మకూడదని చట్టం ఉంది. సంతరోజు సాయంత్రం ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడితే ఆ చట్టం సంగతి తెలుస్తుంది. కొండల మీదినుంచి దిగివచ్చిన కోదు తెగ దంపతులు బిడ్డ ముక్కు చూపించి రెండు మాటలు చెబితే చాలు, కౌంటరు వెనకనుంచి సీసా బయటికి వస్తుంది. వాళ్ళ భాష షాపతనికి సగమే అర్థమైనా మందు మాత్రం పూర్తిగా ఇస్తాడు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. చాలా ఏళ్ళుగా ఈ జిల్లాలో పనిచేస్తున్న ఒక డాక్టరుగారు నాతో అన్నారు: కొండ దిగిరావడానికి ఒక పూట పట్టేవాళ్ళకు "మూడు రోజులు చూసి తగ్గకపోతే రండి" అని చెప్పడం పట్నం డాక్టరు చెప్పే మాట, ఆ మూడు రోజుల్లో బిడ్డకు న్యుమోనియా వస్తే ఎవరు బాధ్యులు? ఆ భయానికి శాస్త్రంలో ఆధారం ఉంది. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ కూడా పిల్లల ముక్కు వెనకభాగంలోనే మామూలుగా నివసిస్తుంది. దాని ఒంటి మీదుండే ఫాస్ఫోరిల్‌కోలిన్ అనే పదార్థం మన కణాల మీది ఒక గ్రాహకాన్ని పట్టుకుంటుంది. వైరస్ సోకి కణాలు మంటెక్కినప్పుడు ఆ గ్రాహకాలు పెరుగుతాయి. ఫ్లూ వైరస్ అయితే కణాల పైనున్న చక్కెరలను కత్తిరించి, మరిన్ని పట్టుచోట్లను బయటపెడుతుంది. అంటే రొంప తరవాత న్యుమోనియా రావడం ఊరికే కలిసి జరిగేది కాదు, అతుక్కోవడానికి దారి సుగమం కావడం వల్ల జరిగేది.

అయినా దీనికి జవాబు ప్రతి ముక్కుకూ మందు పోయడం కాదు. ఏ బిడ్డకు మందు కావాలో గుర్తుపట్టడానికి ల్యాబు కూడా అక్కర్లేదు, గడియారం ఉంటే చాలు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి ఒక నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాదిలోపు బిడ్డకు నిమిషానికి 50 లేక అంతకు మించి, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు బిడ్డకు 40 లేక అంతకు మించి వస్తే, లేదా ఊపిరి తీసేటప్పుడు రొమ్ము కింది భాగం లోపలికి గుంజుకుంటుంటే అది రొంప కాదు, వెంటనే వైద్యం కావాలి. ఆశా కార్యకర్తలకు ఇది నేర్పిస్తూనే ఉన్నారు. మందుల షాపువాళ్ళకు కూడా నేర్పించవచ్చు కదా అని నేను ఆ డాక్టరుగారిని అడిగాను. షాపువాడు ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటే వెనక వరస పెరిగిపోతుందని ఆయన నవ్వారు. న్యుమోకాకస్ విషయంలో టీకా కూడా ఉంది. మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021లో దేశమంతటికీ విస్తరించారు. ఊరి ఉపకేంద్రంలో ఉచితంగా వేసే ఆ టీకా బాటిలెడు సిరప్పు కన్నా చాలా ఎక్కువ పని చేస్తుంది.

అలాంటి టీకాయే ఆరియస్‌కు ఎందుకు లేదని అడిగేవాళ్ళున్నారు. పట్టుకునే చేతినే అడ్డుకుంటే సరిపోతుంది కదా అన్నది సహజమైన ఆలోచన. ప్రయత్నించారు కూడా. క్లంపింగ్ ఫ్యాక్టర్ ఎ తో సహా నాలుగు భాగాలను చేర్చి ఫైజర్ సంస్థ చేసిన టీకాను వెన్నెముక ఆపరేషన్లు చేయించుకునేవాళ్ళ మీద పరీక్షించి, ప్రయోజనం కనబడేలా లేదని 2018 చివర్లో ఆపేశారు. అంతకుముందు మెర్క్ సంస్థ చేసిన మరో టీకా ప్రయోగం కూడా ఆగిపోయింది. ఆరియస్‌కు ఉన్నది ఒక్క చెయ్యి కాదు. ఒకటి కట్టేస్తే మరొకటి పట్టుకుంటుంది. పుట్టినప్పటినుంచీ దానితో పరిచయం ఉన్న మన రోగనిరోధక వ్యవస్థకు దాని గురించి కొత్తగా నేర్పడమూ తేలిక కాదు. నెదర్లాండ్స్‌వాళ్ళే 2004లో చూపించినదాని ప్రకారం, ముక్కులో ఆరియస్ ఉన్నవాళ్ళకు ఆసుపత్రిలో అది రక్తంలోకి చేరే అవకాశం మూడు రెట్లు ఎక్కువే కాని, అలా చేరాక చనిపోయే అవకాశం మాత్రం లేనివాళ్ళకన్నా తక్కువ. ఇన్నేళ్ళ సహవాసం శరీరానికి ఏదో నేర్పినట్టే ఉంది.

ముపిరోసిన్‌ను కూడా ఇష్టం వచ్చినట్టు వాడకూడదు. అది రాసిన తరవాత చాలామందిలో కొన్ని నెలలకే ఆరియస్ తిరిగి వస్తుంది, పదే పదే వాడితే దానికీ లొంగకుండా తయారవుతుంది. ఆపరేషన్ ముందు, డయాలిసిస్ వంటి సందర్భాల్లో, చర్మం మీద గడ్డలు మాటిమాటికీ లేచే ఇంట్లో డాక్టరు చెప్పినప్పుడు, అంతే. మా వైపు ఆడపిల్లలకు ముక్కు కుట్టించాక పుండు పడితే పసుపూ నూనే పెట్టి వారాల తరబడి చూస్తూ ఊరుకుంటారు. డోంగ్రియా కోదు స్త్రీలకైతే ముక్కుకు ఒకటికి మించి పుడకలు. ఆరియస్ కాపురం ఉండే చోటికి అరంగుళం దూరంలో చర్మాన్ని తొలిచే ఆ పనికి ముందు సూది మరిగించడం, చేతులు సబ్బుతో కడగడం ఏ ఆయింట్‌మెంటు కన్నా ముఖ్యం.

మా ల్యాబు యజమానిని ఒప్పించి ముక్కు స్వాబు రిపోర్టుల కింద ఇప్పుడు రెండు వాక్యాలు తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేయిస్తున్నాం: ఈ బ్యాక్టీరియా ఆరోగ్యవంతుల ముక్కులో ఉండవచ్చు కాబట్టి దీనికోసం మాత్రలు కొనకండి. ఆపరేషన్ ఉంటే ఈ కాగితం మీ సర్జన్‌కు తప్పక చూపించండి. ఆ డాక్టరుగారికి ఇది నచ్చలేదు. రిపోర్టుకు వ్యాఖ్యానం రాయడం ల్యాబు పని కాదు, అది డాక్టరు పని అంటారాయన. ఆ కాగితం డాక్టరు దగ్గరికే వెళ్తుందన్న హామీ ఆయన ఇవ్వగలిగిన రోజున ఆ రెండు వాక్యాలూ తీసేస్తామని చెప్పాను. ప్రస్తుతానికి అవి అక్కడే ఉన్నాయి.